చెప్పని షరతు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్లు ఇల్లు కిరాయికి ఇచ్చి చూడలేదు. చూసి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా ఉండేది.

నాకు మూడు ఊళ్లలో మూడు ఇళ్లున్నాయి. ఈ మాట వినగానే చుట్టాలు నా మెడవైపు చూస్తారు, ఎంత బంగారం ఉందోనని. బంగారం బ్యాంకులో ఉంది, ఆ ఇళ్ల కోసమే కుదువపెట్టాం. జగిత్యాలలో మేము కింద ఉంటాం, పైన ఒక పోర్షన్ కిరాయికి. కోరుట్లలో రైలు పెట్టెల్లా వరుసగా నాలుగు గదులున్నాయి. సిరిసిల్లలో ముందొక పోర్షన్, వెనకొక పోర్షన్ ఉన్న పాత ఇల్లు. కోరుట్లది గల్ఫ్‌లో పని పోయి తిరిగొచ్చిన ఒకాయన అప్పులకు తాళలేక అమ్ముకున్నది. సిరిసిల్లది అన్నదమ్ముల పంపకాల్లో తెగక, ఎవరికీ కాకుండా పడి ఉన్నది. ఎవరో వద్దనుకున్న ఇళ్లనే మేం ఎప్పుడూ కొన్నాం. కొత్తవి కొనే తాహతు లేదు.

మా ఆయన మస్కట్‌లో చాలా ఏళ్లు క్రేన్ నడిపాడు. ఆయనతో పాటు ఒకే గదిలో ఉన్నవాళ్లంతా ఇక్కడ ప్లాట్లు కొన్నారు. నాకు ప్లాటంటే పడదు. నాలుగు రాళ్లు పాతి, వాటికి సున్నమేసి, రేటు పెరుగుతుందని ఎదురుచూడటం ఏం వ్యాపారమో నాకర్థం కాదు. అది ఎండకు ఎండుతుంది, వానకు నానుతుంది, ఇంటికి ఒక్క రూపాయి తేదు. పైగా రాళ్లు ఉన్నచోటే ఉన్నాయా, పక్కవాడు జరిపాడా అని పోయి చూసుకోవాలి. కొంటే కప్పున్నదే కొనాలని పట్టుబట్టాను. ఆయన పంపింది కొంత, చిట్టీ ఎత్తింది కొంత, మిగతాది బ్యాంకు అప్పు. కిరాయి వస్తుంది, వాయిదా పోతుంది. మధ్యలో నా చేతికి మిగిలేది బస్సు ఛార్జీలు, కుళాయి వాషర్లు.

“రేటు మంచిగున్నది, సిరిసిల్లది అమ్మరాదు వదినే?” అని మా మరిది ఏటేటా అడుగుతాడు.

“అమ్మేదుంటే కొనకపోదును,” అంటాను నేను.

కొనడం ఒక్కపూట పని. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేస్తే అయిపోతుంది. కొన్నదాన్ని వదలకుండా పట్టుకుని ఉండటానికే ఓపిక కావాలి. కప్పు కారుతుంది, మోటారు కాలుతుంది, ఒకరు చెప్పాపెట్టకుండా పోతారు, ఒకరు పొమ్మన్నా పోరు. కోపం రాని మనిషి ఈ పని చేయలేదు, కోపం దిగని మనిషీ చేయలేదు. నాకు కోపం తొందరగానే వస్తుంది. దిగడానికి మాత్రం సిరిసిల్ల దారిలో బస్సు వేములవాడ దాకా పోవాలి.

తాళం చేతికిచ్చేటప్పుడు నా షరతులన్నీ నిలబెట్టి చెప్తాను. మోటారు ఎవరు వేస్తే వాళ్లే బంద్ చేయాలి. కరెంటు మీటర్ ఎవరిది వాళ్లదే. బియ్యం కడిగిన నీళ్లు వాకిట్లో పోయకూడదు. గోడకు మేకు కొట్టకూడదు. ఈ చివరిది రెండుసార్లు చెప్తాను. సున్నం వేయించిన గోడకు ఎవరైనా మేకు కొడితే నా ఒంట్లో దిగినట్టుంటుంది. “మరి క్యాలెండర్ ఎక్కడ పెట్టాలె?” అంటారు. తలుపు గొళ్లేనికి తగిలించుకోమంటాను. నవ్వుకుంటారు. నా వెనక నాకు ‘మేకులామె’ అని పేరు కూడా ఉంది.

వీటన్నిటికీ మించిన షరతు ఇంకొకటుంది. దాన్ని ఏ ఓనరూ పైకి చెప్పడు, కిరాయికొచ్చేవాడు అడగడు. మా దిక్కు అందరికీ తెలుసు. కిరాయి ఇంట్లో మనిషి చనిపోకూడదు. జబ్బు ముదిరిందంటే పెద్దమనుషుల్ని ముందే ఎక్కడికైనా తీసుకుపోవాలి. ఆస్పత్రిలో పోతే శవాన్ని ఆ ఇంటికి తేకూడదు. తెస్తే ఇంటికి కీడు, ఓనర్‌కు కీడు, పక్క పోర్షన్ వాళ్లకు కీడు. సొంతూళ్లో ఇల్లున్నవాళ్లు ఊరికి పోతారు. లేనివాళ్లు రోడ్డు పక్కన టెంటు వేసుకుంటారు.

ఈ షరతు నాకు ఓనర్‌నయ్యాక తెలిసింది కాదు. మా బాపు కోరుట్లలో కిరాయి ఇంట్లోనే జబ్బుపడ్డాడు. కల్లుగీత మానేసి, టౌనుకొచ్చి, కిరాణా కొట్టులో తూకం వేసే పనిలో కుదిరిన మనిషి. ఆ ఇంటి ఓనర్ చెడ్డవాడేం కాదు. పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు, బాపు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి మా అమ్మతో, “ఊరికి తీస్కపోతె నయమేమో సెల్లే, ఆడ గాలి మంచిగుంటది,” అన్నాడు. ఆ గాలి సంగతేమిటో మా అమ్మకు వెంటనే తెలిసిపోయింది. మర్నాడు వీర్నపల్లికి జీపు మాట్లాడారు. అక్కడ మాకు ఇల్లు లేదు, మా పాలోళ్ల, అంటే దాయాదుల వాకిలి ఉంది. ఆ వాకిట్లో, మేకలు కట్టేసే పందిరి కింద, మా బాపు పోయాడు.

ఏడుపులన్నీ అయ్యాక మా అమ్మ నాతో ఒక మాట అంది. “సొంతిల్లంటే ఏమనుకున్నవ్ బిడ్డా? సచ్చెటందుకు ఎవ్వల్ని అడిగే పనుండద్దు. గదే సొంతిల్లు.” నేను ఇళ్లు కొనడం మొదలుపెట్టింది తర్వాత ఎప్పుడో. అయినా ప్రతి రిజిస్ట్రేషన్‌కూ ఆ మాట నాతో పాటే వచ్చేది.

సిరిసిల్ల ఇంటి ముందు పోర్షన్‌లో ఒక మరమగ్గాల కార్మికుడు ఉండేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అతను ఒక ఆసామి కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు, భార్య బీడీలు చుట్టేది, ఇద్దరు పిల్లలు. ఇంటికి అసలు పెద్ద మాత్రం అతని తల్లి. పొద్దున్నుంచి వాకిట్లో గద్దె మీద కూర్చుని బీడీలు చుడుతూ ఇంటిని కాపలా కాసేది. నేను బస్సు దిగి వెళ్లగానే చిట్టా విప్పేది. “ట్యాంకు మల్ల పొర్లింది. ఎనుక పోర్షనామె సింకుల అన్నం మెతుకులేసింది. మేకైతె ఎవ్వలు కొట్టలేదు, బెంగ పెట్టుకోకు.” నేను నవ్వితే, “నీ ఇంటికి జీతం లేని కాపలాదాన్ని బిడ్డా. ఒక్క చాయన్న తాగిపో,” అనేది. వాళ్ల చాయ్‌లో పంచదార ఎక్కువ. అయినా తాగకుండా ఎప్పుడూ రాలేదు.

ఒకసారి మీ ఊరేదవ్వా అని అడిగాను. “మాకు ఊరెక్కడిది? గీ సిరిసిల్లనే మా ఊరు. గది సుత కిరాయిదే,” అంది.

ఒక వానాకాలంలో ఆమె కొడుకు ఫోన్ చేశాడు. “అక్కా, ఇల్లు ఖాళీ చేస్తం.”

“ఏమైంది తమ్మీ? ఇంట్ల ఏమన్న తక్లీఫా?”

“ఏం లేదక్కా. పోరగాండ్ల బడి దూరమైతున్నది.”

బడి ఆ సందు చివరే ఉంది. దాని గంట మా వాకిట్లోకి వినిపిస్తుంది. ఎక్కడో తక్కువ కిరాయికి దొరికి ఉంటుంది, నాకు చెప్పడానికి మొహం చాలక బడి మీద పెడుతున్నాడని అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో కిరాయి పెంచింది ఎంతని? పండక్కి పిల్లలకు బట్టలు పెట్టలేదా? పొద్దున్నే బస్సెక్కాను. వేములవాడలో యాత్రికుల మధ్య నిలబడి సిరిసిల్ల బస్సు కోసం చూస్తున్నంతసేపూ అతన్ని ఎలా కడిగెయ్యాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఈసారి వేములవాడ దాటినా కోపం దిగలేదు.

వెళ్లేసరికి గద్దె ఖాళీగా ఉంది. ట్యాంకు పొర్లి వాకిలంతా నీళ్లు పారుతున్నాయి. లోపల అతని భార్య గిన్నెలు చీరలో మూటకడుతోంది.

“అవ్వ ఏది?”

“ఊరికి పోయిందక్కా.”

“ఏ ఊరికి?”

ఆమె మూట ముడి విప్పి మళ్లీ వేసింది, తలెత్తలేదు. ఇంతలో వెనక పోర్షన్ ఆమె వచ్చి నన్ను చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. ఆమె భర్త చిన్న ఉద్యోగి, కిరాయి ఒకటో తారీఖునే ఇచ్చే మనిషి. గొంతు తగ్గించి చెప్పింది. ముసలామెకు రెండు కిడ్నీలూ పోయాయట. కరీంనగర్ పెద్దాసుపత్రి వాళ్లు ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఇంటికి ఎలా తెస్తారు? కొడుకు పనిచేసే కార్ఖానా వెనక రేకుల షెడ్డుంటే, ఆసామిని బతిమాలి అక్కడ మంచం వేసుకున్నారట.

“మీకు ఫోన్ చేసి అడుగుతమన్నరు అక్కా. నేనే వద్దన్న. ఓనరక్క ఒప్పుకోదు, అడిగి ఆమెను పరేషాన్ చెయ్యకుండ్రి, మీరే జల్ది చూస్కోండ్రి అని చెప్పిన,” అంది. నేను మెచ్చుకుంటానని చూస్తోంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి దేవుణ్ని అడగనైనా లేదు. నా పేరు మీద, నా ఇంట్లోంచి, నాకు చాయ్ పోసిన మనిషిని బయటికి పంపేశారు. నా పేరు చెప్పే హక్కు నీకెవరిచ్చారని అరిచాను. ఆమె బిత్తరపోయింది. “మంచికే చెప్పిన గదక్కా,” అంది. నిజానికి ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. అందరూ ఎలా నడుస్తారో అదే చెప్పింది. వాళ్లు ఫోన్ చేసి అడిగి ఉంటే నేనేమనేదాన్నో నాకూ తెలియదు.

వాకిట్లో గద్దె మీద కూర్చుని, జగిత్యాలలో ఇంటి దగ్గరున్న మా ఆయనకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

“మనం పొమ్మన్లే గద,” అన్నాడు. “ఆల్లంతట ఆల్లే పోయిండ్రు. అడుసు తొక్కుడెందుకు, కాళ్లు కడుగుడెందుకు? ఆమె ఇంట్ల పోయి, నక్షత్రం మంచిది కాలేదనుకో, నెలలకు నెలలు ఇల్లు మూసుకోవాలె. వాయిదా ఎవలు కడ్తరు?”

ఆయన మాటల్లో తప్పేమీ లేదు. కానీ వాయిదా అనేసరికి నాకు ఇంకోటి తట్టింది. ఆ ఇంటి వాయిదా ఇన్నేళ్లూ కట్టిందెవరు? కాగితం మీద సంతకం నాది. డబ్బు వచ్చింది మాత్రం ఆ కొడుకు నడిపిన సాంచాల నుంచీ, ఈ గద్దె మీద ఆ ముసలామె చుట్టిన బీడీల నుంచీ. వాళ్లు కడుతూ పోతే ఇల్లు నాదైంది. అప్పు తీరేదాకా వాళ్లే మోయాలి, ప్రాణం పోయేటప్పుడు మాత్రం గడప దాటి పోవాలి. మా బాపుకు మేకల పందిరి, ఈమెకు రేకుల షెడ్డు. తేడా ఒక్కటే, ఈసారి ఓనర్‌ను నేను.

“వాయిదా నేను కడ్త,” అని ఫోన్ పెట్టేసి కార్ఖానాకు నడిచాను.

షెడ్డులో నూలు కండెల బస్తాల మధ్య మంచం ఉంది. గోడకు అవతల సాంచాలు ఆగకుండా ఆడుతున్నాయి. ఆ చప్పుడుకు మంచం కోళ్లు సన్నగా అదురుతున్నాయి. ముసలామె సగమైపోయింది. మొహం ఉబ్బింది, చేతులు పుల్లలయ్యాయి. నన్ను చూసి కళ్లు చికిలించింది.

“కిరాయి పెంచుతందుకు అచ్చినవా బిడ్డా?”

“అవ్వా, కాపలా ఇడిసిపెట్టి ఈడ పన్నవేంది? ట్యాంకు పొర్లి వాకిలంత చెరువైంది,” అన్నాను. గట్టిగానే మొదలుపెట్టాను కానీ చివరికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమె కొడుకు మంచం పట్టె పట్టుకుని నిలబడి, “నీ ఇంటికి చెడ్డపేరు రావద్దనక్కా,” అన్నాడు.

ఇంటికి పోదాం పదమన్నాను. అతను నమ్మలేదు. “నిజంగనేనా అక్కా? బావ ఏమంటడో?” అని అడిగాడు. బావ సంగతి నాకొదిలెయ్యమన్నాను. అప్పుడు ముసలామే అడ్డం తిరిగింది.

“వద్దు బిడ్డా. నీ ఇంటికి కీడు.”

“కీడో మేలో నా ఇంటి సంగతి నేను చూస్కుంట. లేస్తవా, నన్ను ఎత్తుకోమంటవా?”

“నువ్వెత్తుకుంటె ఇద్దరం పడుతం,” అంది. కొడుకు మొదటిసారి నవ్వాడు. ట్రాలీ ఆటోలో మంచంతో సహా తీసుకొచ్చాం. దారి పొడుగునా జనం చూశారు. ఇంట్లోంచి బయటికి పోయే మంచాలు వాళ్లు చాలా చూశారు, ఇంటికి తిరిగొచ్చే మంచం చూసినట్టు లేదు.

ఆ వారంలోనే వెనక పోర్షన్ వాళ్లు ఖాళీ చేశారు. “చిన్నపిల్లలున్నోళ్లం, ఏమనుకోకక్కా,” అంది ఆమె. వాదించలేదు. అడ్వాన్స్ తిరిగిచ్చేశాను.

తీసుకొచ్చిన రోజో మర్నాడో పోతుందనుకున్న మనిషి పోలేదు. డాక్టర్ల మాట వినే రకం కాదు కదా. కొడుకు ముందు అర్రలో కిటికీ పక్కన మంచం వేశాడు, అక్కడినుంచి వాకిలి కనిపిస్తుంది. మళ్లీ కాపలా మొదలైంది. నేను వెళ్లిన ప్రతిసారీ, “ఇంక పోలేదని చూడ అచ్చినవా?” అనేది. “ఎనుక పోర్షన్ కిరాయి సుత పోగొట్టిన నీకు,” అని ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. కోడలు పక్కనే కూర్చుని బీడీలు చుడుతుంటే, ఆకు సరిగ్గా కత్తిరించలేదని వంకలు పెట్టేది. బతుకమ్మ దాకా ఉంది. కోడలు పేర్చిన బతుకమ్మను మంచం దగ్గరికి తెప్పించుకుని, తంగేడు తక్కువైందని చెప్పి మరీ పంపింది.

పండగ పోయిన కొన్నాళ్లకు, ఒక పొద్దున, కోడలు చెంచాతో నీళ్లు పోస్తుండగా పోయింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగాల్సి రాలేదు. నేను వెళ్లేసరికి ఆ అర్రలోనే, దక్షిణం వైపు తల పెట్టి పడుకోబెట్టి ఉంచారు. వాకిట్లోంచే పాడె లేచింది. నాకు ఏడుపుతో పాటు ఏదో తృప్తి కూడా కలిగింది, అది దాచుకోను.

అక్కడితో అయిపోలేదు. అయ్యగారు పంచాంగం చూసి నక్షత్రం మంచిది కాదు, ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టాలన్నాడు. ఎవరెన్ని చెప్పినా మీరు ఇక్కడే ఉండండి, ఎవరేమంటారో చూస్తానని నేను నడుం బిగించాను. దినాలు కాగానే ఆ కొడుకే వచ్చి తల దించుకున్నాడు.

“ఏమనుకోకక్కా. పిల్లలు ఆ అర్రలకు పోతలేరు. నాకు సుత మనసున పడ్తలేదు. మేం పోతం.”

ఊరందరితో పోట్లాడ్డానికి సిద్ధపడ్డాను గానీ వాళ్లతో పోట్లాడాల్సి వస్తుందనుకోలేదు. కన్నతల్లి పోయిన చోటుకు ఎందుకు భయమని కోపం వచ్చింది. మళ్లీ, నాకు మాత్రం భయం లేదా అనుకున్నాను. వాళ్లు నమ్మినదాన్ని కాదనడానికి నేనెవరిని? సామాను ఎక్కిస్తుంటే కోడలు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వాళ్లు ఇప్పటికీ సిరిసిల్లలోనే ఉన్నారు. ఇంకో కిరాయి ఇంట్లో.

ఇల్లు మొత్తం ఖాళీ అయింది. నక్షత్రాల సంగతి బ్యాంకుకు తెలియదు, వాయిదా టైముకు అడుగుతూనే ఉంది. కోరుట్ల గదుల కిరాయి తెచ్చి సిరిసిల్లకు కట్టాను. అది చాలక, విడిపించుకుందామనుకున్న గొలుసును ఇంకో ఏడాది బ్యాంకులోనే ఉంచాను. “ఊరందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ,” అని మా ఆయన నన్ను వెక్కిరించాడు. మరిది, “ఇప్పుడన్న అమ్ము వదినే,” అన్నాడు. అమ్మబోయినా కొనేవాడు లేడు.

వచ్చినవాళ్లంతా ఇల్లు చూసేవాళ్లు, నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగేవాళ్లు, బాగుందనేవాళ్లు. బయటికి పోయి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో ఆగేవాళ్లు, ఇక తిరిగొచ్చేవాళ్లు కాదు. ఒకామె అడ్వాన్స్ ఇచ్చి, సాయంత్రం వచ్చి వాపసు తీసుకుపోయింది. వాళ్లంతటవాళ్లు అడిగితే తప్ప చెప్పొద్దని మా ఆయన అన్నాడు. ఊరంతటికీ తెలిసిన సంగతి నేను దాచేదేముంది?

చివరికి నేనే వంట సామాను పట్టుకుని ఆ ముందు పోర్షన్‌లో దిగాను. ఓనరే ఉంటోందంటే జనానికి భయం పోతుందని నా లెక్క. అక్కడ ఒంటరిగా అన్నం వండుకుంటుంటే చెంచా చప్పుడుకు కూడా వెనక్కి తిరిగి చూసేదాన్ని. మర్నాడు మా ఆయన సంచీ తగిలించుకుని, మోకాళ్లు పట్టుకుంటూ బస్సు దిగాడు. “నువ్వొక్కదానివి భయపడి సస్తవని అచ్చిన,” అన్నాడు. మధ్యాహ్నం తిని, సరిగ్గా ఆ కిటికీ పక్కనే చాప వేసుకుని పడుకుని గురక పెట్టాడు. ఆ గురక విన్నాక నాకు ధైర్యం వచ్చింది. కొన్నాళ్లు అలాగే ఉన్నాం. ఆయన కిటికీలకు రంగు వేశాడు, నేను గోడలకు సున్నం వేయించాను. మేము బాగానే తిన్నాం, బాగానే పడుకున్నాం. కిరాయికి మాత్రం ఎవరూ రాలేదు.

అలా ఉండగా ఒక పొద్దున ఒక ముసలాయన తన బిడ్డతో వచ్చాడు. తెల్ల పంచె, చేతికర్ర, చెవులు కొంచెం మందం. బిడ్డ కుట్టుమిషన్ పని చేస్తుందట, భర్త దుబాయ్‌లో ఉన్నాడట. ఆమె నన్ను నీళ్ల గురించి అడుగుతుంటే ఆయన వినలేదు. ఇల్లంతా చూసి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“గా ముసలామె సచ్చిపోయింది ఈ ఇంట్లనేనా?”

ఇదీ పోయిందనుకున్నాను. “ఈ ఇంట్లనే. గదిగో, ఆ కిటికీ దగ్గర,” అన్నాను. విసుగ్గానే అన్నాను, దాగుడుమూతలు నాకు చేతకావు.

ఆయన కిటికీ దగ్గరికి పోయాడు. బయటికి చూశాడు. “దక్షిణం ఎటు?” అన్నాడు. చూపించాను. కర్ర గోడకు ఆనించి, మెల్లగా నేల మీద కూర్చుని, ఆ వైపు తలపెట్టి పడుకున్నాడు. కాళ్లు చాపి చూసుకున్నాడు.

“బాపూ, లే. ఏందిది? ఆమె ఏమనుకుంటది?” బిడ్డ సిగ్గుతో చచ్చిపోయింది.

“ఆగు,” అన్నాడు. పడుకునే నావైపు తల తిప్పాడు. “కిరాయి సంగతి మా బిడ్డ మాట్లాడుతది. నాది ఒక్కటే మాట. మేమిప్పుడున్న ఇంటాయన నేను దగ్గినప్పుడల్ల తొంగి చూస్తుండు. నువ్వట్ల చెయ్యవని విని అచ్చిన. నన్ను బయట వెయ్యరు గద?”

మా అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇంత వయసొచ్చి, నేల మీద పడుకుని, నన్ను అడుగుతున్నాడు.

“ఇంట్ల ఉండేటోళ్లు అది అడిగే పని లేదు బాపూ,” అన్నాను. “గిది నీ ఇల్లే అనుకో. ఎప్పటిదాక ఉంటవో ఉండు.”

“గట్ల కాదు. తేటగ చెప్పు.”

తేటగా చెప్పాను. తాళం చేతికిస్తూ నిలబెట్టి చెప్పే షరతుల్లాగే చెప్పాను. మోటారు వేసినవాళ్లే బంద్ చేయాలి. కరెంటు మీటర్ ఎవరిది వాళ్లదే. రోగమొచ్చినా, ప్రాణం పోయినా ఈ ఇంట్లోంచి ఎవరూ పొమ్మనరు. ఇన్నేళ్లలో ఆ మాటను ఒక ఓనర్ నోటితో పైకి అనడం నేనూ అప్పుడే విన్నాను. ఇక మిగిలింది ఒక్కటే. “గోడలకు మేకులు మాత్రం కొట్టద్దు,” అన్నాను.

ముసలాయన లేచి కూర్చున్నాడు. తెల్లటి గోడల వంక కలియజూశాడు. నిజంగానే సందేహమొచ్చినవాడిలా అడిగాడు.

“మరి నేను పోయినంక నా ఫోటో ఏడ తగిలిస్తరు?”

బిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన కిటికీకి రంగు వేస్తున్న బ్రష్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను నవ్వానో ఏడ్చానో సరిగ్గా చెప్పలేను.

వాళ్లు సామానుతో దిగేలోపు ఆ అర్రలో, కిటికీకి ఎదురుగోడకు, మా ఆయన చేత ఒక మేకు కొట్టించాను. బలంగా ఉందా లేదా అని నేనే పట్టుకుని లాగి చూశాను. ముసలాయన ఇంకా ఉన్నాడు, దగ్గుతూనే ఉన్నాడు. వెనక పోర్షన్‌లో కూడా ఇప్పుడు ఒక కుటుంబం ఉంది, వాళ్ల ఇంట్లోనూ ఒక ముసలమ్మ ఉంది. మొన్న కిరాయికి వెళ్లినప్పుడు చూశాను. ప్రస్తుతానికి ఆ మేకుకు క్యాలెండర్ వేలాడుతోంది. నెల మారగానే ఆయనే లేచి కాగితం తిప్పుతాడట.